అప్‌డేట్: డిప్రెషన్ మాత్ర మానేయాలా అని అడిగిన నేను ఏం చేశానంటే

రెండేళ్లుగా ఎస్సిటలోప్రామ్ అనే డిప్రెషన్ మాత్ర 10 మిల్లీగ్రాములు వాడుతున్న నేను, మనసు కుదుటపడింది కాబట్టి ఇక మానేయవచ్చా అని వేసవిలో ఇక్కడ అడిగాను. డాక్టరుకు చెప్పకుండా ఆపవద్దని అందరూ హెచ్చరించినా, ఒక్కసారిగా ఆపేశానని ఒప్పుకోవాలి.

మూడో రోజు కాజీపేట స్టేషన్ మెట్లు దిగుతూ చూపు పక్కకు తిప్పగానే తలలో కరెంటు షాకు తగిలినట్టు జిల్లుమంది. రాత్రంతా పిచ్చి కలలు వచ్చేవి, తెల్లవారితే కారణం లేకుండా అమ్మను కసురుకునేవాడిని. జబ్బు తిరగబెట్టిందనే అనుకున్నాను. హనుమకొండలో నన్ను చూసే సైకియాట్రిస్టు మాత్రం, జబ్బు తిరగబెట్టడమనేది సాధారణంగా వారాలు, నెలల మీద మెల్లగా జరుగుతుందని, ఆపిన కొద్ది రోజులకే తలతిప్పుతో, షాకులతో మొదలై మాత్ర మళ్లీ వేసుకోగానే తగ్గితే అది చాలావరకు మందు మానడం వల్ల వచ్చిన ఇబ్బందేనని వివరించారు. మాత్ర మళ్లీ వేసుకున్నాక నాకు రెండు రోజుల్లోనే తగ్గింది.

ఇప్పుడు మాత్రను మధ్య గీత దగ్గర విరిచి, 5 మిల్లీగ్రాములు వేసుకుంటున్నాను. చిన్న మోతాదు కూడా మెదడులో సెరటోనిన్ అనే రసాయనాన్ని కణాల్లోకి వెనక్కి లాగే ట్రాన్స్‌పోర్టర్లనే ప్రోటీన్లలో పెద్ద భాగాన్నే అడ్డుకుంటుంది కాబట్టి, 10 నుంచి 5కు దిగడం కంటే 5 నుంచి సున్నాకు దిగడమే చాలామందికి కష్టమట. అందుకని మోతాదు తగ్గించే చివరి మెట్లు ఇంకా చిన్నవిగా ఉంటాయన్నారు. మందుల ఖర్చు మిగుల్చుదామని ఆపానంటూ అక్క ఇప్పటికీ ఎత్తిపొడుస్తోంది, అందులో కొంత నిజం లేకపోలేదు.

బతుకమ్మ రోజుల్లో ఇల్లంతా చుట్టాలు ఉంటారు కాబట్టి దసరా దాటేవరకు మోతాదు ఇంకా తగ్గించవద్దని నేనే కోరాను, సైకియాట్రిస్టు సరేనన్నారు.