నిమ్మ చిగుళ్ళ మీద వెండి గీతలు, పురుగు మాత్రం కనబడదు

ప్రశ్న – నిమ్మమొక్క:
కుండీలో నిమ్మ వేశాను. కొత్త చిగురు వస్తే చాలు, ఆకుల మీద నత్త పాకినట్టు వంకరటింకర వెండి గీతలు పడుతున్నాయి. గీత మధ్యలో సన్నటి నల్ల చార. తర్వాత ఆకు ముడుచుకుపోతోంది. తిరగేసి చూసినా పురుగు జాడ లేదు. ముదురాకులు శుభ్రంగానే ఉన్నాయి. వేపనూనె కొట్టినా లాభం లేదు. గీతలున్న ఆకులన్నీ తుంచేయనా?

భూతద్దం:
లీఫ్ మైనర్ అండీ. ఆకు మీద వెతికితే దొరకదు, అది ఆకు లోపల ఉంటుంది. పై పొర కిందికి దూరి రసం తాగుతూ ముందుకు పోతుంది. వెనక వదిలిన రెట్టే ఆ నల్ల చార. ఆకును వెలుతురుకి ఎత్తి పట్టుకోండి. గీత సన్నగా మొదలైన చోట గుడ్డు పగిలింది. వెడల్పుగా ఆగిన చోట కాళ్ళు లేని లేత పసుపు పిల్ల పురుగు ఉంటుంది, మహా అయితే 3 మిల్లీమీటర్లు.

తల్లి పురుగు లేతాకు మీద, ఎక్కువగా అడుగున ఈనె పక్కన, ఒక్కో గుడ్డు విడిగా పెడుతుంది. పిల్ల గుడ్డులోంచి నేరుగా ఆకులోకే దిగుతుంది. బాగా ఎదిగాక తిండి మానేసి అంచు దగ్గరికి చేరి, పట్టుదారంతో ఆకు అంచును తన మీదికి లాక్కుని ఆ మడతలో ప్యూపా, అంటే రెక్కల పురుగుగా మారే ముందు దశ, అవుతుంది. మీరు చూసే ముడత అదే. ఇంత చిన్న ప్రాణికి ఎంత తెలివో! ఎండాకాలంలో ఇదంతా దాదాపు రెండు వారాల్లో అయిపోతుంది, చలిలో నెల దాటుతుంది.

నిమ్మమొక్క:
మరి రెక్కల పురుగు ఎలా ఉంటుంది? నాకెప్పుడూ కనబడలేదు.

భూతద్దం:
కనబడినా ఏదో దోమ అనుకుంటాం. రెక్కలు చాపితే 4 మిల్లీమీటర్లే. వెండి తెలుపు మీద గోధుమరంగు చారలు, ముందు రెక్కల కొసన చెరో నల్లచుక్క, అంచున సన్నటి కుచ్చు. చీకటి పడ్డాకే తిరుగుతుంది.

పాతతోట:
ఆకులు తుంచకండి. గీతలున్నా పచ్చగా ఉన్న భాగం పని చేస్తూనే ఉంటుంది. తుంచితే మళ్ళీ చిగురు వేస్తుంది, పురుగుకి కావాల్సిందీ ఆ లేత చిగురే. యూరియా కూడా తగ్గించండి. వేపనూనె కొట్టాలంటే చిగురు విచ్చుకుంటున్నప్పుడే కొట్టాలి, పురుగు లోపలికి దిగాక అందదు. ఒక్కటి చూసుకోండి: పసుపు అంచుతో గరుకు మచ్చలు లేస్తే అది గజ్జి తెగులు. దాని బ్యాక్టీరియా ఈ గీతల గుండానే సులువుగా దూరుతుంది. ఆ ఆకుల్ని మాత్రం తీసేయండి.

భూతద్దం:
గట్టి మందుల జోలికి పోకండి. ఆకు లోపలి పురుగునే తిని పెరిగే చిన్న చిన్న కందిరీగలు ఉన్నాయి, ముందు చచ్చేది అవే.