పొడవాటి సన్నని రెక్కకు గాలి కుదుపు: స్పార్ మందం పెంచాలా, ఐలరాన్లను నమ్మాలా?

గాలిమర: బరువు, వేగం మారకుండా రెక్కల పొడవు రెట్టింపు చేస్తే లిఫ్ట్ (విమానాన్ని పైకెత్తే బలం) వల్ల పుట్టే డ్రాగ్ (వెనక్కి లాగే గాలి నిరోధం) నాలుగో వంతుకు పడిపోతుంది. చిక్కల్లా కుదుపుతోనే. సెకనుకు 230 మీటర్ల వేగంతో పోయే విమానాన్ని సెకనుకు 10 మీటర్ల నిలువు గాలి కింది నుంచి తాకితే రెక్క మీదికి గాలి వచ్చే కోణం రెండున్నర డిగ్రీలు పెరుగుతుంది. దాంతో లిఫ్ట్ పెరిగి రెక్క పైకి వంగుతుంది, ఆ వంపు భారమంతా రెక్క మొదట్లో పడుతుంది. రెండువైపుల ఐలరాన్లనూ (రెక్క చివర వెనక అంచున కదిలే పలకలు) ఒక్కసారే పైకి లేపితే చివర్లలో లిఫ్ట్ తగ్గి మొదలు తేలికపడుతుంది. ట్రైస్టార్-500 ప్రయాణికుల విమానం రెక్కను పొడిగించినప్పుడు లాక్‌హీడ్ చేసింది ఇదే. ఇంకా స్పార్ (రెక్క లోపలి ప్రధాన దూలం) మందం పెంచడం దండగ.

బోల్టుబాబు: నాసా మానవరహిత సౌర విమానం హీలియోస్ సంగతి మరిచారా? 2003 జూన్ 26, హవాయి తీరం, 75 మీటర్ల రెక్క. ముక్కలై సముద్రంలో పడింది.

గాలిమర: అది కుదుపు భారానికి విరగలేదు. రెక్క బాగా వంగిపోయి ముక్కు పైకీ కిందికీ ఊగింది, వేగం హద్దు దాటి పైపొర ఊడింది.

బోల్టుబాబు: విరిగిందా లేదా?

చూసేవాడు: ఎయిర్‌బస్ ఆల్బట్రాస్‌వన్ నమూనాలో కుదుపు భారం తగ్గాలని రెక్క చివర్లను కీలు మీద గాలికి వదిలేశారు కదా. బోయింగ్ 777ఎక్స్‌లో చివర్లు మడిచేది కూడా అందుకేనా?

గాలిమర: కాదు. అది నేల మీదే మడుస్తారు, 71.8 మీటర్ల రెక్క 64.8కి తగ్గి విమానాశ్రయం గేటులో పట్టాలని.

బోల్టుబాబు: ఒక పరీక్షశాలలో పనిచేశాను. రెక్కకు స్ట్రెయిన్ గేజీలు (వంపు, సాగుడు కొలిచేవి) అతికించింది నేనే. ఐలరాన్‌ను కదిపే యంత్రం, యాక్చుయేటర్ ఒకటి సగం ఎత్తులో బిగుసుకుపోయింది, సుత్తితో తట్టినా దిగలేదు. నివేదికలో మాత్రం ‘వైఫల్య అవకాశం అత్యల్పం’ అని రాసి నా సంతకం అడిగారు. పెట్టనన్నాను. వారం తిరక్కుండా స్టోర్ రూముకు మార్చారు.

గాలిమర: మీ పాత కక్షను తెచ్చి ప్రతి రెక్కకూ పూయకండి! మీలాంటివాళ్ల వల్లే కొత్తది ఏదీ ఎగరదు.

బోల్టుబాబు: కుదుపుకు ఐలరాన్లను లేపే వ్యవస్థ వద్దని నేనెక్కడ అన్నాను? పెట్టండి, పది పెట్టండి. దాన్ని చూపించి స్పార్ పలచన చేయకండి అంటున్నాను.

గాలిమర: పలచన చేయకపోతే పొడవు రెక్క ఎందుకు? ఆదా అయిన ఇంధనాన్ని స్పార్ బరువే తినేస్తుంది. నియమాలూ ఒప్పుకుంటున్నాయి: వ్యవస్థ పాడయ్యే అవకాశం బాగా తక్కువైతే, పాడైన స్థితికి 1.5 భద్రతా గుణకాన్ని (అంచనా గరిష్ఠ భారానికి ఒకటిన్నర రెట్లు తట్టుకోవాలనే లెక్కను) తగ్గించుకోవచ్చు.

బోల్టుబాబు: ఎంత తక్కువో ఆ అంకె వేసేది ఎవరు? నేను సంతకం పెట్టనన్నది దానికే.

గాలిమర: మీ నివేదికలో అంకె ఎంత ఉంది?

బోల్టుబాబు: ఖాళీగా వదిలారు. సంతకం అయ్యాక నింపుతామన్నారు.