ఐకామ్ 718 నుంచి 7300కి: 20 ఆంపియర్ల సప్లై సరిపోతుందా?

మేడమీద_డైపోల్:
నా హామ్ రేడియో ఐకామ్ 718 తీసేసి 7300 పెడుతున్నాను. 20 ఆంపియర్ల ఎస్‌ఎంపీఎస్ (స్విచింగ్ పవర్ సప్లై), అక్కణ్ణుంచి రేడియోకి 4 మీటర్ల 2.5 స్క్వేర్ ఎంఎం వైరు, 40 మీటర్ల బ్యాండుకి ఇన్వర్టెడ్ వీ యాంటెన్నా, దాన్ని రేడియోకి సరిపోల్చే మాన్యువల్ ట్యూనర్ ఉన్నాయి. ఎస్‌ఎస్‌బీతో (మాట) పాటు ఎఫ్‌టీ8 (కంప్యూటర్‌తో పంపే డిజిటల్ మోడ్) కూడా చెయ్యాలి. పాత మైకు పనికొస్తుందా? ఏం మార్చాలి?

వోల్టుమీటర్:
మైకు అదే 8 పిన్నులది, పనికొస్తుంది. డీసీ ప్లగ్గు వేరు, కొత్త రేడియోతో వచ్చిన కేబులే వాడండి.

అసలు సంగతి కరెంటు. ఫుల్ పవర్‌లో 7300 21 ఆంపియర్ల దాకా లాగుతుంది. 2.5 వైరు మీటరుకి సుమారు 7.4 మిల్లీఓమ్‌లు, పోను రాను 8 మీటర్లు. 20 ఆంపియర్ల దగ్గర 1.2 వోల్టులు వైరే మింగేస్తుంది. సప్లై ఇచ్చే 13.8 కాస్తా 12.6. రేడియో కింది హద్దు 11.7, సప్లై కూడా కుంగితే అంచుకొచ్చినట్టే. ఎస్‌ఎస్‌బీలో మాటకీ మాటకీ మధ్య కరెంటు పడిపోతుంది కాబట్టి ఇన్నాళ్లూ బయటపడి ఉండదు. ఎఫ్‌టీ8 అలా కాదు, ప్రతి 15 సెకన్లలో 12.6 సెకన్లు ఏకబిగిన పంపుతుంది.

30 ఆంపియర్ల సప్లై, 6 స్క్వేర్ వైరు వెయ్యండి. లేదా సప్లైని టేబుల్ కిందకి జరిపి వైరు మీటరున్నరకి కోసెయ్యండి, దానికి పైసా ఖర్చు లేదు. పంపుతున్నప్పుడు తెరమీద వీడీ మీటర్ (రేడియోకి అందే వోల్టేజి) చూడండి, ఎంత పడుతోందో తెలిసిపోతుంది. ఎఫ్‌టీ8కి 30 వాట్లు మించనక్కర్లేదు.

వాటర్‌ఫాల్:
7300 లోపలి ట్యూనర్ ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా ఎంత సరిపోలలేదో చెప్పే అంకె) 3 వరకే సర్దుతుంది. మీ వీ యాంటెన్నా 7.1 మెగాహెర్ట్జ్‌కి కోసి ఉంటే 7.0 నుంచి 7.2 దాకా అదే చాలు. రెండు ట్యూనర్లూ ఒకేసారి వాడొద్దు.

ఎఫ్‌టీ8కి పాత ఇంటర్‌ఫేస్ పెట్టె పక్కన పెట్టండి, ఒక్క యూఎస్‌బీ కేబులు చాలు. ముందు డ్రైవర్ ఎక్కించి, ఆ తర్వాతే కేబులు గుచ్చండి. మోడ్ యూఎస్‌బీ-డీ (ఇక్కడ యూఎస్‌బీ అంటే అప్పర్ సైడ్‌బ్యాండు, కేబులు కాదు, కంగారు పడొద్దు). కనెక్టర్స్ మెనూలో డేటా మాడ్‌ని (పంపే ఆడియో ఎక్కణ్ణుంచి రావాలో చెప్పేది) యూఎస్‌బీకి, అంటే కేబులుకి, మార్చండి, లేకపోతే పీటీటీ (పంపమనే స్విచ్చు) పడుతుంది గానీ పవర్ రాదు. పీటీటీ క్యాట్ (కంప్యూటర్ రేడియోకి ఇచ్చే ఆదేశాలు) ద్వారా ఇచ్చి, మెనూలో యూఎస్‌బీ సెండ్ ఆఫ్‌లో ఉంచండి. లేదంటే కంప్యూటర్ ఆన్ అవుతూనే రేడియో పంపడం మొదలెట్టొచ్చు. విండోస్ డిఫాల్ట్ స్పీకర్‌గా రేడియో కోడెక్ (లోపలి సౌండ్ కార్డు) ఉండకూడదు, మెయిల్ వచ్చిన టింగుమనే శబ్దం కూడా గాల్లోకి పోతుంది.

మేడమీద_డైపోల్:
ధన్యవాదాలు. ఇంకోటి, రేడియో వచ్చాక ఊరికే వింటుంటేనే స్కోప్‌లో (సిగ్నళ్లు చూపే తెర) 60 కిలోహెర్ట్జ్‌కొకటి చొప్పున నిలువు గీతలు, మెల్లగా పక్కకి జరుగుతున్నాయి. రేడియో లోపమా?

వాటర్‌ఫాల్:
కాదు. అది ఎస్‌ఎంపీఎస్ స్విచింగ్. 718తోనూ ఉండే ఉంటుంది, స్కోప్ లేక కనపడలేదు. సప్లై ప్లగ్గు పీకి కారు బ్యాటరీ మీద రిసీవ్ చెయ్యండి. గీతలు పోతే దొంగ దొరికినట్టే. 2.4 అంగుళాల 31 మిక్స్ (ఫెర్రైట్ రకం) ఫెర్రైట్ రింగు మీద డీసీ తీగలు రెండూ కలిపి 6 నుంచి 8 చుట్లు చుట్టండి, ఏసీ కేబులుకి ఇంకో రింగు. 40 మీటర్ల బ్యాండులో ప్రీయాంప్ (వచ్చే సిగ్నల్ పెంచేది) ఆఫ్. ఆకాశవాణి మీడియం వేవ్ టవర్ దగ్గర్లో ఉండి ఓవీఎఫ్ (సిగ్నల్ మరీ ఎక్కువైందనే గుర్తు) వెలుగుతుంటే ఆర్ఎఫ్ గెయిన్ తగ్గించండి, చాలకపోతే అటెన్యుయేటర్ (సిగ్నల్ తగ్గించేది) వేయండి.