సెల్లార్‌లో బీమ్ కింద డక్ట్ తలకు తగులుతోంది, పల్చగా చేయిస్తే గాలి సరిపోతుందా?

పాలమూరు సెల్లార్:
మాది మహబూబ్‌నగర్. ఇంటి కింద సెల్లార్‌ని ఇన్నాళ్లూ గోదాములా వాడుకున్నాం. ఇప్పుడు అమ్మ మగ్గం వర్క్ నేర్పడానికి దాన్ని హాల్ చేయిస్తున్నాం, పది పన్నెండు మంది కూర్చుంటారు. 32 అడుగుల పొడవు, 22 వెడల్పు. స్లాబ్ 9 అడుగుల 6 అంగుళాల ఎత్తులో ఉంది కానీ అడ్డంగా రెండు బీములున్నాయి, వాటి కింద 8 అడుగుల 3 అంగుళాలే మిగిలింది. పాత 3 టన్నుల డక్టబుల్ ఏసీ (చల్లగాలిని రేకు గొట్టాల్లో, అంటే డక్టుల్లో పంపేది) ఉంది, దాని 18x10 అంగుళాల డక్ట్ సరిగ్గా హాల్ మధ్యలో బీముల కింద నుంచి పోతుంది. ఫాల్స్ సీలింగ్ వేస్తే 7 అడుగులే వస్తుంది, ఊపిరాడనట్టు ఉంటుంది. డక్ట్ మేస్త్రి ఏమో 30x6 చేద్దాం, కొలత ఒకటే కదా అంటున్నాడు. 180 చదరపు అంగుళాలు రెండిట్లోనూ వస్తున్నాయి, నిజమే. కానీ నాకెందుకో టెన్షన్‌గా ఉంది, ఒకసారి మూసేశాక మళ్లీ విప్పలేం.

నల్లగొండ జీఐ పని:
తమ్ముడూ, మూసేయకముందే అడిగి మంచి పని చేశావ్. 18x10 చుట్టుకొలత 56 అంగుళాలు, 30x6 ది 72. గాలి రేకుకు రాసుకుంటూ పోవాలి కాబట్టి లోపలి వైశాల్యం ఒకటే అయినా పల్చటి దాంట్లో అడ్డు ఎక్కువ, చివరి గ్రిల్‌కి గాలి తగ్గిపోతుంది. టన్నుకు సుమారు 400 సీఎఫ్‌ఎం (నిమిషానికి ఇన్ని ఘనపు అడుగుల గాలి) లెక్కన నీకు 1200 కావాలి. 6 అంగుళాల ఎత్తులోనే అదే సులువుతో పోవాలంటే వెడల్పు 35 దాకా పెట్టాలి. అంత వెడల్పు రేకు డప్పులా సప్పుడు చేస్తుంది, వెడల్పు ఎత్తుకు 4 రెట్లు దాటకుండా చూసుకోవాలని మేం అనుకుంటాం. పల్చగానే కావాలంటే ఒకటి కాదు, 18x6 వి రెండు వేయించు, ఒక్కోదానికి 600.

జడ్చర్ల నుంచి:
మా ఇంట్లో ఇదే సమస్య వస్తే డక్ట్‌ని పల్చగా చేయలేదు, దారి మార్చాం. మధ్యలో నుంచి తీసేసి, పొడుగు గోడ పక్కన పాత సైజులోనే పెట్టి బాక్స్ కట్టించాం. అక్కడ అల్మారాలు, తలకు తగిలే మాటే లేదు. దాని నుంచి కొమ్మలు (చిన్న డక్టులు) పైకి లేపి బీముల మధ్య ఖాళీలో, బీముకు సమాంతరంగా పంపాం. మిగతా హాలంతా 8 అడుగులు వచ్చింది. బీముకు మాత్రం ఎవరు ఎంత చెప్పినా రంధ్రం కొట్టనివ్వకండి.

పాలమూరు సెల్లార్:
అన్నా, గోడ పక్కన పెడితే మూలమలుపులు రెండు పెరుగుతాయి, పర్లేదా? ఇంకోటి, రిటర్న్ డక్ట్ (గాలి మెషిన్‌కి తిరిగొచ్చే గొట్టం) లేదు, మెషిన్ దగ్గర ఒక జాలీ మాత్రమే ఉంది.

నల్లగొండ జీఐ పని:
జడ్చర్ల అన్న చెప్పిన దారే మేలు, నేను చెప్పిన రెండు డక్టుల కన్నా. మలుపులు గుండ్రంగా తిప్పించు, చోటు లేక లంబకోణంలో మడిస్తే లోపల గాలిని తిప్పే వంపు పట్టీలు పెట్టించు. రెండు బీములంటే మూడు ఖాళీలు, ఖాళీకొక కొమ్మ. పెద్ద డక్ట్‌ని మొత్తం ఒకే సైజులో లాగొద్దు: మొదటి కొమ్మ దాటాక 13x10 చాలు, ఆఖరి ముక్క 10x8, మూడు కొమ్మలూ 10x8 అయితే ఒక్కో దాంట్లో 400 సీఎఫ్‌ఎం పోతుంది. గ్రిల్ దగ్గర ఫ్లెక్సిబుల్ పైపు వాడితే కురచగా, సాగదీసి కట్టాలి.

రిటర్న్ జాలీ మీద నాకు అనుమానం ఉంది. పంపిన గాలి అంతా తిరిగి రావాలి, దారి ఇరుకైతే మెషిన్ మూలుగుతుంది, కాయిల్ మీద మంచు పేరుకుంటుంది. మధ్యలో పార్టిషన్ కడితే దానికీ ఒక జాలీ వదులు. పన్నెండు మంది గంటల తరబడి కూర్చునే చోటు, ఏసీ ఉన్న గాలినే తిప్పుతుంది కాబట్టి బయటి గాలికి ఒక ఫ్యాన్, ఒక ఎగ్జాస్ట్ తప్పనిసరి. సెల్లార్ గోడల్లో చెమ్మ ఉంటుంది, వానాకాలంలో డక్ట్ చెమర్చి సీలింగ్ మీద మరకలు పడతాయి, డక్ట్ చెమర్చకుండా చుట్టే నైట్రైల్ రబ్బర్ తొడుగు జాయింట్ల దగ్గర తెరుచుకుని ఉండకుండా చూసుకో.

జడ్చర్ల నుంచి:
ప్లాన్‌లో సెల్లార్ పార్కింగ్‌కే చూపించి ఉంటే ముందు మున్సిపాలిటీలో అడగండి. వాన నీళ్లు దిగే దారి, బయటికి రెండో దారి కూడా చూసుకోండి. 2024 జూలైలో ఢిల్లీలో ఇలాంటి సెల్లార్ లైబ్రరీలోకి నీళ్లొచ్చి ముగ్గురు విద్యార్థులు చనిపోయారు.

పాలమూరు సెల్లార్:
వెనక మెట్ల తలుపు ఉంది, దాన్ని మూసేద్దామనుకున్నాం. ఇప్పుడు మూయను. మేస్త్రికి కొలతలు రాసిచ్చాను, రేకు కత్తిరించకముందు ఇంకేమైనా ఉందా?

నల్లగొండ జీఐ పని:
కొమ్మకొక డంపర్ (గాలిని తగ్గించే, పెంచే రేకు తలుపు) పెట్టించు, దానికి చెయ్యి అందేలా సీలింగ్‌లో చిన్న తలుపు వదులు. బోర్డులు బిగించకముందు ఏసీ ఒక గంట నడిపించి ప్రతి జాయింట్ చుట్టూ చెయ్యి పెట్టి చూడు. చల్లగా తగిలిన ప్రతిచోటా సీలెంట్ పూయించు.