క్యాగ్-ఏ జన్యువు ఉంటే గ్యాస్ట్రైటిస్ తప్పక ముదురుతుందా?

ప్రశ్న
మా నాన్నగారికి 61 ఏళ్లు. పోయిన నెల ఎండోస్కోపీ చేసి, హెలికోబాక్టర్ పైలోరి ఉందనీ, జీర్ణాశయం కింది భాగమైన యాంట్రమ్‌లో దీర్ఘకాలిక వాపు ఉందనీ బయాప్సీ రిపోర్టులో రాశారు. అమ్మకూ ఇదే బాక్టీరియా ఉన్నట్టు పరీక్షలో తేలింది, కానీ కడుపులో మంట అంటే ఏమిటో ఆవిడకు తెలియదు. క్యాగ్-ఏ జన్యువున్న రకం ప్రమాదకరమని చదివినప్పటి నుంచి నాకు దిగులుగా ఉంది. ఆ పరీక్ష చేయించమంటారా?

మొదటి సమాధానం
నేను సూక్ష్మజీవశాస్త్రం చదువుతున్నానండి. క్యాగ్-ఏ ఒంటరి జన్యువు కాదు, సుమారు 40 వేల డీఎన్‌ఏ అక్షరాల పొడవున్న 'క్యాగ్ దీవి'లో ఒక భాగం. ఆ దీవిలోని ఇతర జన్యువులు సూదిలాంటి నిర్మాణాన్ని కడతాయి. దాని గుండా క్యాగ్-ఏ ప్రోటీన్ జీర్ణాశయపు లోపలి పొర కణంలోకి చేరి, అక్కడ ఎస్‌హెచ్‌పీ-2 అనే ఎంజైముకు అతుక్కొని, కణం ఆకారాన్నీ, పక్క కణాలతో దానికున్న పట్టునూ చెడగొడుతుంది. జపాన్, కొరియా రకాల్లోని క్యాగ్-ఏ ఈ ఎంజైమును మరింత గట్టిగా పట్టుకుంటుంది. కణాలను దెబ్బతీసే విషాన్ని తయారుచేసే వ్యాక్-ఏ జన్యువు సంగతి వేరు. అది దాదాపు అన్ని రకాల్లోనూ ఉంటుంది కనుక, ఉందా లేదా అని కాక, ఏ రూపంలో ఉందని చూడాలి: ఎస్1-ఎం1 రూపం విషం బలమైనది, ఎస్2-ఎం2 రూపం విషం దాదాపు పనిచేయదు.

రెండవ సమాధానం
పైన చెప్పినదంతా నిజమే, కానీ మన దేశంలో ఆ పరీక్షతో తేలేది తక్కువ. కోల్‌కతాలో చూసినప్పుడు పుండ్లున్న రోగుల్లోనూ, ఏ బాధా లేనివారిలోనూ అత్యధిక రకాలకు క్యాగ్-ఏ, వ్యాక్-ఏ ఎస్1 రెండూ ఉన్నాయి. కొలంబియాలో కొండల మీది టూకెర్రెస్‌లోనూ, తీరాన ఉన్న టుమాకోలోనూ దాదాపు అందరికీ ఈ బాక్టీరియా ఉన్నా, జీర్ణాశయ క్యాన్సర్ మాత్రం కొండ ప్రాంతంలోనే ఎన్నో రెట్లు ఎక్కువ. మనిషి వంశమూలానికీ బాక్టీరియా వంశమూలానికీ పొంతన కుదరని చోట గాయాలు తీవ్రంగా ఉన్నట్టు అక్కడి పరిశీలనలో కనిపించింది. నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన విషయం ఇదే, ఎందుకంటే తీవ్రత బాక్టీరియా ఒక్కదాని గుణం కాదని ఇది చూపుతుంది. వాపును పెంచే ఇంటర్‌ల్యూకిన్-1 బీటా అనే ప్రోటీన్‌ను ఎక్కువగా తయారుచేసే జన్యురూపం మనిషిలో ఉంటే ఆమ్లం తగ్గి, వాపు యాంట్రమ్ దాటి పైకి పాకి, గ్రంథులు క్షీణించే అవకాశం పెరుగుతుంది.
కాబట్టి మీరు అడగవలసింది వాపు ఎంతవరకు పాకిందనీ, గ్రంథుల క్షీణత ఉందా అనీ. అది తేలాలంటే యాంట్రమ్ నుంచి రెండు, పైభాగం నుంచి రెండు, మలుపు దగ్గర ఒకటి చొప్పున ముక్కలు తీయడం మంచి పద్ధతి.

మూడవ సమాధానం
క్యాగ్-ఏ ఉన్నా లేకపోయినా చికిత్స ఇవ్వవలసిందే. చికిత్సను మార్చగల జన్యుపరీక్ష క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్‌కు బాక్టీరియా లొంగకపోవడానికి కారణమైన 23ఎస్ ఆర్‌ఆర్‌ఎన్‌ఏ (ప్రోటీన్లు తయారుచేసే యంత్రంలోని ఒక భాగం) మార్పులను చూసేది. యాంటీబయాటిక్స్ ముగిసిన నాలుగు వారాల తరువాత, ఆమ్లం తగ్గించే మాత్రలు రెండు వారాలు ఆపి, బాక్టీరియా పోయిందో లేదో తప్పక చూపించండి. అమ్మగారి విషయం కూడా అదే డాక్టరుగారితో మాట్లాడండి.

ప్రశ్న అడిగినవారు
అందరికీ కృతజ్ఞతలు. రిపోర్టు మళ్లీ చదివాను. క్షీణత లేదని రాశారు, కానీ ముక్కలు యాంట్రమ్ నుంచి మాత్రమే తీశారు. పైభాగం సంగతి సోమవారం అడుగుతాను.