లండన్ 2012, వంద మీటర్ల బ్రెస్ట్‌స్ట్రోక్: తనే ఒప్పుకున్నాక ఆ బంగారు పతకం అతనిదేనా?

గుణుపురం మాస్టారు

నిన్న వంశధార రేవులో పిల్లలకి కప్ప ఈత నేర్పుతున్నాను. పోటీల్లో బ్రెస్ట్‌స్ట్రోక్ అంటారే, అదే. ఏడో తరగతి కుర్రాడొకడు ఫోన్లో ఏదో వీడియో చూసి వచ్చి, "మాస్టారూ, జడ్జికి కనపడకపోతే ఫౌల్ కాదా?" అని అడిగాడు. ఏం చెప్పాలో తోచలేదు. రాత్రంతా అదే ఆలోచన.

తెలియనివాళ్ళ కోసం విషయం చెబుతాను. లండన్ ఒలింపిక్స్ ఫైనల్లో దక్షిణాఫ్రికా ఈతగాడు కామెరాన్ వాన్ డెర్ బర్గ్ 58.46 సెకన్లలో ప్రపంచ రికార్డుతో గెలిచాడు. ఆస్ట్రేలియాకి చెందిన క్రిస్టియన్ స్ప్రెంగర్ 58.93తో రెండో స్థానంలో నిలిచాడు. డైవ్ చేశాక నీళ్ళలోపల డాల్ఫిన్ కిక్, అంటే రెండు కాళ్ళూ కలిపి చేప తోకలా కొట్టడం, ఒక్కసారే చెయ్యాలని రూలు. నీటి అడుగు కెమెరాలో వాన్ డెర్ బర్గ్ మూడు కొట్టినట్టు కనిపించింది. తర్వాత ఒక ఆస్ట్రేలియా పత్రికతో తనే చెప్పాడు: చాలామంది కొడుతున్నారు, నేను కొట్టకపోతే వెనకబడతాను, నాలుగేళ్ళ కష్టం వదులుకోలేను అని. పతకం మాత్రం అతని దగ్గరే ఉంది.

ఉండకూడదని నా అభిప్రాయం. తప్పని తెలిసి చేశాడు, చేశానని చెప్పాడు. ఇంకేం కావాలి?

రాయగడ కుర్రాడు

మాస్టారూ, నమస్తే. మీతో ఒప్పుకోలేకపోతున్నాను. రేసు అయ్యాక ముప్పై నిమిషాల్లోపు ప్రొటెస్ట్ చెయ్యాలి. ఆ గడువు దాటాక ఫలితం ఫలితమే. క్రికెట్‌లో అంపైర్ నాటౌట్ అన్నాక బ్యాట్స్‌మన్ తర్వాత నిజం చెప్పాడని స్కోరు మార్చరు కదా. పైగా తేడా 0.47 సెకన్లు. స్ప్రింట్ ఈతలో అది చాలా దూరం. రెండు అదనపు కిక్కులతోనే అంత వచ్చిందని ఎలా అంటాం?

ఇంకో మాట. ఆ ఏడాది ఏప్రిల్‌లో నార్వే ఛాంపియన్ అలెగ్జాండర్ డేల్ ఓయెన్ చనిపోయాడు. వాన్ డెర్ బర్గ్‌కి స్నేహితుడు. ఆ గెలుపు అతనికే అంకితమిచ్చాడు. అలాంటి మనిషిని దొంగ అనడానికి నాకు మనసు రావడం లేదు.

బరంపురం కోచ్

తమ్ముడూ, స్నేహితుడి మీద ప్రేమ వేరు, కాళ్ళు చేసిన పని వేరు. రెండూ కలపొద్దు.

కిక్ విలువ చెబుతాను, ఇది నా పని కాబట్టి. నాలుగు స్ట్రోకుల్లోనూ బ్రెస్ట్‌స్ట్రోక్ నెమ్మది. మోకాళ్ళు ముడిచి కాళ్ళు ముందుకి లాక్కున్న ప్రతిసారీ తొడలు నీళ్ళకి అడ్డం పడతాయి, వేగం పడిపోతుంది. డైవ్ చేశాక నీళ్ళలోపల ఒళ్ళు బాణంలా సాగే ఆ కొన్ని మీటర్లే రేసు మొత్తంలో అన్నిటికంటే వేగమైనవి. పైన అలలుంటాయి, లోపల ఉండవు. అక్కడ ఒక చేతి లాగుడు, ఒక డాల్ఫిన్ కిక్, ఒక బ్రెస్ట్‌స్ట్రోక్ కిక్, తల పైకి. అంతే అనుమతి. అదనంగా కొట్టిన కిక్ సరిగ్గా వేగం చచ్చిపోతున్న క్షణంలో మళ్ళీ ముందుకి తోస్తుంది. 0.47 మొత్తం దానివల్లే అనను, కానీ సున్నా అనడానికీ వీల్లేదు.

ఇది లండన్‌తో మొదలైన గొడవ కాదు. 2004 ఏథెన్స్‌లో ఇదే రేసులో జపాన్‌కి చెందిన కొసుకె కితజిమా 1:00.08తో గెలిచాడు, అమెరికాకి చెందిన బ్రెండన్ హాన్సెన్ 1:00.25. అప్పటికి ఒక్క డాల్ఫిన్ కిక్ కూడా రూల్లో లేదు. కితజిమా కొట్టాడని హాన్సెన్ జట్టులోని ఆరన్ పియర్సల్ బాహాటంగా అన్నాడు. మరుసటి ఏడాది ఈత పోటీల ప్రపంచ సంఘం ఫినా ఏం చేసింది? ఒక కిక్ కొట్టొచ్చని రూలు మార్చింది. ఒకటికి తలుపు తీశాక రెండోదీ మూడోదీ వచ్చాయి. 2014లో మళ్ళీ మార్చి, మొదటి బ్రెస్ట్‌స్ట్రోక్ కిక్‌కి ముందు ఎప్పుడైనా ఆ ఒక్కటి కొట్టొచ్చన్నారు.

కోపం ఎవరిమీదైనా చూపించాలంటే నేను ఫినా మీదే చూపిస్తాను. లండన్ కొలను అడుగున టీవీ కోసం కెమెరాలున్నాయి. తీర్పు చెప్పడానికి వాటిని వాడలేదు.

పర్లాకిమిడి అమ్మ

నాకు ఒలింపిక్స్ సంగతులు పెద్దగా తెలియవు. మా అబ్బాయి సంగతి చెబుతాను. పదకొండేళ్ళ వయసులో ఒక పోటీకి తీసుకెళ్ళాం. యాభై మీటర్ల బ్రెస్ట్‌స్ట్రోక్. రెండో వాడిగా వచ్చాడు. గోడకి రెండు చేతులూ ఒకేసారి తాకలేదు, కుడిచెయ్యి ముందు తగిలిందని డిస్‌క్వాలిఫై చేశారు. అక్కడ ఎవరూ వాడికి ఎందుకో కూడా వివరంగా చెప్పలేదు. బస్సులో ఇంటిదాకా ఏడుస్తూనే ఉన్నాడు. నేను రూలుని తప్పు పట్టలేదు, ఇప్పుడూ పట్టను.

కానీ ఇది చదువుతుంటే కడుపు మండుతోంది. గోడకి తగిలే చెయ్యి అందరికీ కనిపిస్తుంది. నీళ్ళలో తన్నే కాలు కనిపించదు. అంటే తెలియక పైన తప్పు చేసిన పిల్లవాడికి శిక్ష, తెలిసి అడుగున చేసినవాడికి పతకం. అన్నయ్యగారూ, ఇది ఎలా న్యాయం?

రాయగడ కుర్రాడు

అక్కా, మీ మాటకి నా దగ్గర జవాబు లేదు. ఒక్కటి మాత్రం అడుగుతాను. అతని పతకం తీసేస్తే ఎవరికి ఇవ్వాలి? చాలామంది కొడుతున్నారని అతను చెప్పింది నిజమైతే, ఎనిమిది లేన్లూ మళ్ళీ చూడాలి కదా. అతను నోరు విప్పాడు కాబట్టి అతనికొక్కడికే శిక్ష వేస్తే, రేపటినుంచి ఎవరూ నిజం చెప్పరు.

జయపురం

2024 పారిస్ ఒలింపిక్స్‌లో ఇదే 100 మీటర్లలో ఇటలీ ఈతగాడు మార్టినెంగికి 59.03, బ్రిటన్‌కి చెందిన పీటీకి, అమెరికాకి చెందిన ఫింక్‌కి 59.05. తేడా 0.02 సెకన్లే! ఇలాంటి రేసుల్లో ఒక్క కిక్ ఎక్కువైనా ఎవరి పతకమో పోతుంది. ఇక 2028 లాస్ ఏంజెలిస్‌లో 50 మీటర్ల బ్రెస్ట్‌స్ట్రోక్ కూడా ఒలింపిక్స్‌లోకి వస్తోంది. ఆ రేసులో టర్న్ ఉండదు, డైవ్ తర్వాత నీళ్ళలోపలి భాగమే సగం ప్రాణం. అడుగు కెమెరా చూడకుండా అక్కడ ఫలితం ప్రకటించకూడదు.

గుణుపురం మాస్టారు

రాయగడ తమ్ముడి ప్రశ్న దగ్గర ఆగిపోయాను. నిజమే, ఒక్కడి పతకం లాక్కుంటే న్యాయం జరగదు. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ అది చక్కటి గెలుపని మాత్రం పిల్లలకి చెప్పలేను. 2019 గ్వాంగ్జు ప్రపంచ పోటీల్లో ఆడమ్ పీటీ కొట్టిన 56.88 చూపిస్తాను.

కుర్రాడికి ఏం చెప్పాలన్నదే ఇంకా తేలలేదు. కోచ్ గారూ, మీ దగ్గర పిల్లలకి మీరేం చెబుతారు?

బరంపురం కోచ్

మాస్టారూ, నేను చెప్పేది తక్కువ. ఒకడు డైవ్ చేస్తాడు. ఇంకొకడు గాగుల్స్ పెట్టుకుని పక్క లేన్లో మునిగి కాళ్ళు చూస్తాడు. పైకొచ్చాక ముందు ఈదినవాడు తన లెక్క చెప్పాలి, తర్వాత చూసినవాడు. మొదటి వారం చాలామందికి తాము ఎన్ని కొట్టారో తమకే తెలియదు. ఒళ్ళు దానంతటదే రెండోది కొట్టేస్తుంది. నెల తిరిగేసరికి రెండు లెక్కలూ కలుస్తాయి. మీ రేవులో నీళ్ళు తేటగా ఉండే నెలల్లో ఇది చెయ్యొచ్చు. ఒడ్డున లోతు తక్కువ కాబట్టి డైవ్ వద్దు, రేవు మెట్టుని కాళ్ళతో తన్ని మొదలుపెట్టించండి.

పర్లాకిమిడి అమ్మ

మా వాడికి ఇప్పుడు పదమూడు. ఆ పోటీ తర్వాత నీళ్ళలోకి దిగలేదు. వచ్చే ఆదివారం గుణుపురం తీసుకురావచ్చా మాస్టారూ? ఎన్ని గంటలకి?

గుణుపురం మాస్టారు

ఆరుకల్లా రేవులో ఉంటాం తల్లీ. గాగుల్స్ ఉంటే తెమ్మనండి. ఆ ప్రశ్న అడిగిన కుర్రాడికి జోడీ లేడు, మీ వాణ్ణి వాడితో కలుపుతాను.