ఫ్రెషర్ల ఇంటర్వ్యూల్లో కోడింగ్ రౌండ్ తీసేయాలా?

రాజాం కుర్రాడు:
మొన్న ఒక కంపెనీ ఇంటర్వ్యూలో బైనరీ ట్రీని (ఒక్కో డేటా ముక్క కింద రెండు వరకు కొమ్మలుండే అమరిక) ఎడమ కుడి తారుమారయ్యేలా తిరగేయమన్నారు. ఉద్యోగంలో చేయాల్సింది ఏపీఐలు, అంటే ఒక సాఫ్ట్‌వేర్ ఇంకోదానితో మాట్లాడే దారులు, రాయడం. ఆ ట్రీ అక్కడ దేనికి? మ్యాక్ కంప్యూటర్లలో సాఫ్ట్‌వేర్లు ఇన్‌స్టాల్ చేసే హోమ్‌బ్రూని తయారుచేసిన మ్యాక్స్ హోవెల్‌నే గూగుల్ ఈ ప్రశ్న దగ్గర వద్దందని 2015లో ఆయనే ట్వీట్ చేశారు. ఈ రౌండ్ ఎత్తేసి, మేం చేసిన ప్రాజెక్టులు చూసి ఉద్యోగం ఇవ్వాలి. మీరేమంటారు?

వంశధార:
తమ్ముడూ, నీ బాధ నిజమే. కానీ ఆ రౌండ్ ఎత్తేస్తే ముందు నష్టపోయేది మన జిల్లాల పిల్లలే. టెక్కలిలోనో ఎచ్చెర్లలోనో చదివేవాళ్లకి పెద్ద కంపెనీలో ఇంటర్న్‌షిప్ ఎంతమందికి దొరుకుతుంది? రిఫరల్ ఇచ్చే బంధువులు ఎంతమందికున్నారు? ఇక ప్రాజెక్టులంటావా, హైదరాబాద్‌లో డబ్బులిచ్చి చేయించుకునేవాళ్లున్నారని మనందరికీ తెలుసు. హ్యాష్ మ్యాప్ (వెతికింది వెంటనే దొరికేలా డేటా దాచే పద్ధతి) మాత్రం ఎవరికైనా ఒకటే. పాత లాప్‌టాప్ మీదైనా నేర్చుకోవచ్చు.

నేను ఇంటర్వ్యూలు చేస్తుంటాను. ఎక్కువగా అడిగేది చిన్న ప్రశ్నే: పదివేల సంఖ్యల్లో ఏ రెండు కలిపితే ఇచ్చిన మొత్తం వస్తుంది? ప్రతి జంటనీ సరిచూస్తే దాదాపు 5 కోట్ల పోలికలు. చూసిన ప్రతి సంఖ్యనీ హ్యాష్ మ్యాప్‌లో వేసుకుంటూ, దానికి జత కావాల్సింది అందులో ముందే ఉందా అని చూసుకుంటూ పోతే ఒక్కసారి చదవడంతో సరి. మొదటి పద్ధతి చెప్పినవాళ్లని నేను తీసేయను. "ఇంకా త్వరగా అవుతుందా?" అని అడిగాక ఏం ఆలోచిస్తారో అదే చూస్తాను. డేటాబేస్ మెల్లగా నడుస్తున్నప్పుడు ఆఫీసులో కావాల్సిందీ ఆ ఆలోచనే.

మనవాళ్లు చాలామంది పోయేది కోడ్ దగ్గర కాదు, మౌనం దగ్గర. శ్రీకాకుళం వైపు అమ్మాయి ఒకామె కాగితం మీద సరైన జవాబు గీసేసుకుని, ఇంగ్లీషులో ఎలా చెప్పాలో తెలియక పెన్ను క్యాప్ తీస్తూ పెడుతూ కూర్చుంది. "తెలుగులోనే చెప్పమ్మా" అన్నాక గడగడా చెప్పేసింది. ఆ మాట అనని ఇంటర్వ్యూయర్ దగ్గర ఆ అమ్మాయికి సున్నా పడేది. నాకు కోపమొచ్చేది ఇక్కడ.

కోట జంక్షన్:
అన్నా, హ్యాష్ మ్యాప్ ఎవరికైనా ఒకటే అంటున్నారు గానీ, ప్రాక్టీసుకి తీరిక ఒకటేనా? కాలేజీ అయ్యాక షాపులో కూర్చునే కుర్రాడూ, కోచింగ్‌లో ఉన్నవాడూ సమానమెలా అవుతారు? పజిల్స్ వల్ల సమయం వృథా తప్ప ఏమీ తేలదని 2013లో గూగుల్ హెచ్ఆర్ అధిపతి లాజ్లో బాక్ కూడా చెప్పారు కదా.

వంశధార:
తీరిక విషయంలో నీ మాట కాదనలేను. కానీ బాక్ తప్పుపట్టింది విమానంలో ఎన్ని గోల్ఫ్ బంతులు పడతాయనే తరహా ప్రశ్నల్ని. అందరినీ ఒకే కొలతతో చూసే ఇంటర్వ్యూలు పనిచేస్తాయని కూడా ఆయనే అన్నారు. క్యాంపస్‌కొచ్చే కంపెనీలని మన కాలేజీలు అడగాల్సిందీ అదే. ఏ అంశాలు అడుగుతారో నెల ముందే చెప్పాలి. అందరికీ ఒకే ప్రశ్న ఇవ్వాలి. లాజిక్ తెలుగులో వివరించే వీలుండాలి. వద్దన్నప్పుడు కారణం రాయాలి. ప్లేస్‌మెంట్ ఆఫీసర్లు గట్టిగా పట్టుబడితే ఇవి జరగని పనులేం కావు.

రాజాం కుర్రాడు:
ఆ ట్రీ ప్రశ్న అనవసరమనే ఇప్పటికీ అంటాను. కారణం రాయాలన్న మాటకి మాత్రం పూర్తిగా ఒప్పుకుంటున్నా. నాకొచ్చిన మెయిల్‌లో "మీ ఆసక్తికి ధన్యవాదాలు" తప్ప ఇంకేం లేదు. ఏది చదువుకోవాలి మరి?